డిస్క్ జారితే ఆపరేషనా, ఓపికా? మా బావ ఆగాడు, నేను చేయించుకున్నాను

నడుం ఆపరేషన్ అయినవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లో ఎవరికి డిస్క్ జారినా ఫోన్ నాకే వస్తుంది. "ఎమ్మారై తీయించాం, ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ అంట, డాక్టరు గారు ఆపరేషన్ అంటున్నారు, చేయించమంటావా వద్దా" అని మొదలుపెడతారు. (ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ అంటే నడుంలో నాలుగో, అయిదో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్.) వాళ్లకి కావాల్సింది ఒక్క ముక్క జవాబు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: నొప్పి ఎక్కువ ఎక్కడుంది, నడుంలోనా, కాల్లోనా? చాలామంది కాసేపు ఆగిపోతారు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లని ఎవరూ అలా అడిగి ఉండరు, వాళ్లూ విడదీసి చూసుకొని ఉండరు. నా లెక్కలో సగం జవాబు అక్కడే ఉంది. డిస్క్ ఆపరేషన్ కాలి కోసం చేసేది, నడుం నొప్పికి అది మందు కాదు. ఈ సంగతి నాకు ఆపరేషన్ అయిన ఏడాదికి గానీ ఒంటబట్టలేదు.

మా ఇంట్లో దీనికి రెండు నమూనాలున్నాయి. ఒకటి నేను. రెండోది మా మేనత్త కొడుకు, నరసరావుపేటలో ఎరువుల కొట్టు పెట్టుకున్న మా బావ. ఇద్దరికీ ఒకటే డిస్క్, అన్నిటికన్నా కిందది, ఎల్ ఫైవ్ ఎస్ వన్. ఇద్దరికీ ఎడమ కాలే. రెండేళ్ల తేడాతో వచ్చింది. బావ కత్తి పడకుండా గట్టెక్కాడు, నేను కోయించుకున్నాను. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా ఎవరిది తెలివైన పనో తేలక వాదించుకుంటూనే ఉంటాం.

అసలు ఎందుకొచ్చిందన్న దగ్గరే మా వాదన మొదలవుతుంది. తనకి బస్తాలు ఎత్తీ ఎత్తీ వచ్చిందంటాడు బావ. నాకు కంప్యూటర్ ముందు కూర్చొని కూర్చొని వచ్చిందంటాను నేను. ఫిన్లాండ్‌లో కవలల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, అందులో తేలిందేమిటంటే డిస్కులు అరగడంలో చేసే పని కన్నా పుట్టుకతో వచ్చిన వాటాయే పెద్దది. ఒకరు బరువులు మోసి, ఇంకొకరు కుర్చీలో కూర్చొని బతికినా ఆ కవలల డిస్కులు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉన్నాయి. మా ఇద్దరికీ తాత ఒకడే, ఆయన చివరి పదేళ్లూ నడుం వంచుకునే తిరిగాడు. కాబట్టి బస్తాలనీ కుర్చీనీ మరీ అంతగా తిట్టక్కర్లేదేమో.

ముందు డిస్క్ అంటే ఏమిటో చెప్పుకోకపోతే మిగతాదంతా గాల్లో మాటలే అవుతుంది. పూర్ణం బూరె అనుకోండి. బయట పొరలు పొరలుగా ఏటవాలుగా అల్లుకున్న గట్టి పీచు, లోపల నీళ్లు పట్టిన జిగురు గుజ్జు. చిన్నవయసులో ఆ గుజ్జు లేత ముంజెలా ఉంటుంది, వయసు వచ్చేకొద్దీ నీరు తగ్గి ముదురు ముంజె అవుతూ పోతుంది. పైపిండి ఎక్కడో పలచబడి చిట్లితే పూర్ణం నూనెలోకి వచ్చేస్తుంది చూడండి, అలాగే పీచు పొరలు చిరిగిన చోట గుజ్జు వెనక్కి, నరం ఉన్న వైపుకి తోసుకొస్తుంది. అది నరాన్ని నొక్కుతుంది. నొక్కడమే కాకుండా ఆ గుజ్జులో ఉండే రసాయనాలు తగిలి నరం వాచి మండుతుంది కూడా, అందుకే ఎమ్మారైలో శనగ బద్దంత కనిపించేది ఒక్కోసారి మనిషిని రాత్రంతా కూర్చోబెడుతుంది. కాలు లాగడానికి కారణం ఈ జారిన డిస్కేనని 1934లో బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు గట్టిగా చూపించారు. అంతకు ముందు ఆపరేషన్లలో ఇలాంటి ముక్కలు దొరికితే ఏదో గడ్డ అనుకునేవాళ్లు.

అసలు ఇబ్బంది ఏమిటంటే పెద్దవాళ్ల డిస్కులోకి రక్తనాళాలు దాదాపు వెళ్లవు. పైనా కిందా ఉన్న వెన్నుపూసల అంచుల్లోంచి ఊరి వచ్చిందే దానికి తిండి. వేలు తెగితే వారంలో అతుక్కుంటుంది, డిస్కుకి పడిన చిరుగు మాత్రం నెలల తరబడి నెమ్మదిగా ఒక పలచటి మచ్చలా పూడుతుంది, మునుపటి అల్లిక మళ్లీ రాదు. బయటకొచ్చిన గుజ్జు స్థానంలో కొత్త గుజ్జు పుట్టదు. సర్జన్ దాన్ని లోపలికి నెట్టి కుట్టు వేస్తాడని నేను చాలాకాలం అనుకున్నాను. మామూలు ఆపరేషన్లో నరం మీద పడిన ముక్కని తీసేస్తారు, అంతే.

ఆగడమా, కోతా?

బావ ఎమ్మారై చూసి ఇంటిల్లిపాదీ భయపడ్డారు, ముక్క అంత పెద్దది మరి. నిజానికి భయపడాల్సింది తక్కువే. గుజ్జు బయటకొచ్చేసరికి మన ఒళ్లు దాన్ని పరాయి సరుకు కింద లెక్కగట్టి, రక్షక కణాల్ని పంపించి కొరుక్కు తినేస్తుంది. ఎంత ఎక్కువ బయటికొస్తే అంత బాగా తింటుంది. ఇలాంటి కేసుల మీద వచ్చిన పరిశోధనలన్నీ 2015లో ఒక దగ్గర చేర్చి చూశారు. పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు నూటికి 96 మందిలో వాటంతట అవే తగ్గాయి, తెగకుండా బయటికి తోసుకొచ్చినవి 70 మందిలో. ఊరికే ఉబ్బిన డిస్కులు మాత్రం 13 మందిలోనే. అంటే రిపోర్టులో "బల్జ్" అని ఉంటే ఊపిరి పీల్చుకొని, ముక్క తెగింది అంటే గుండె జారిపోయే మన అలవాటు ఈ విషయంలో తలకిందులైంది. (తగ్గడం అంటే ఎమ్మారై బొమ్మలో తగ్గడం. నొప్పి కూడా అదే తారీఖున తగ్గుతుందని కాదు.)

బావ మొదటి మూడు వారాలు నేల మీద పడుకొని, కాళ్లు కుర్చీ మీద పెట్టుకొని గడిపాడు. తర్వాత ఇంటి వరండాలో అటూ ఇటూ నడక. రెండో నెలకి కొట్టు దాకా నడిచాడు. అయిదో నెలకి మామూలు మనిషి. వినడానికి బాగుంది కానీ అది జూన్‌లో మొదలైంది, అంటే ఎరువులకి ఊపిరాడని సీజన్, కొట్టు తమ్ముడికి అప్పజెప్పి తను కప్పు చూస్తూ పడుకున్నాడు, ఆ ఏడాది ఉద్దరలు సగం వసూలే కాలేదు. ఆపరేషన్ వద్దనుకుంటే డబ్బు మిగులుతుంది అంటారు. బావని అడగండి, ఎంత మిగిలిందో చెప్తాడు.

ఇక్కడ నెదర్లాండ్స్ వాళ్ల పరిశోధన ఒకటి నాకు బాగా నచ్చుతుంది, 2007లో వచ్చింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు లాగుతూ అల్లాడుతున్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి త్వరగా ఆపరేషన్, రెండోదానికి మందులతో, ఓపికతో ఆగడం. ఆపరేషన్ జట్టులో సగం మంది నాలుగు వారాల్లో కోలుకుంటే, ఆగిన జట్టులో సగం మంది కోలుకోవడానికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి? రెండు జట్లలోనూ 95 శాతం బాగున్నారు. ఇది వినగానే బావ "చూశావా" అంటాడు. కానీ ఆగిన జట్టులోనే 39 శాతం మంది మధ్యలో తట్టుకోలేక ఆపరేషన్ చేయించుకున్నారు, ఆ సంగతి బావ వినిపించుకోడు. 1983లో నార్వేలో వెబర్ అనే ఆయన చూపించింది కూడా ఇదే దారి: ఏడాదికి ఆపరేషన్ వాళ్లదే పైచేయి, నాలుగేళ్లకి తేడా చెప్పుకోదగ్గంత లేదు, పదేళ్లకి ఇద్దరూ సమానం. అమెరికాలో 2006లో పెద్ద ఎత్తున చేసిన దాంట్లోనైతే తమాషా జరిగింది, ఎవరికి ఆపరేషనో ఎవరికి వద్దో చీటీలు వేసి పంచితే, ఆపరేషన్ చీటీ వచ్చినవాళ్లలో సగం మంది మూడు నెలలైనా బల్ల ఎక్కలేదు, వద్దన్న చీటీ వచ్చినవాళ్లలో 30 శాతం మంది ఆ లోపే ఎక్కేశారు. నొప్పి ఉన్నవాడు చీటీ మాట వింటాడా?

అలాగని ఎన్నాళ్లయినా ఆగొచ్చు అనుకోకండి. 2020లో కెనడా నుంచి వచ్చిన పరిశోధనలో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా కాలి నొప్పితో ఈడ్చుకొస్తున్న 128 మందిని తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత పదికి ఎంత నొప్పి అని అడిగితే ఆపరేషన్ వాళ్లు 2.8 దగ్గర, మిగతావాళ్లు 5.2 దగ్గర ఉన్నారు. ఈ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టుకొని నేను తేల్చుకున్నది ఇది: మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగడమే మేలు, ఎందుకంటే ఒళ్లు తన పని తను చేసుకుంటూ ఉంటుంది. ఆ తర్వాత నొప్పి ఎంత, ఉద్యోగం ఏమిటి, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా అన్నది బట్టి ఎవరికి వాళ్లే. నాలుగు నెలలైనా కాలు అలాగే లాగుతుంటే ఇంకా ఆగడంలో నాకైతే అర్థం కనిపించదు.

నేను పదకొండు వారాలు ఆగాను. తుమ్ము వస్తే గోడ పట్టుకునేవాణ్ణి. భోజనానికి కుడి పిర్ర మీద ఒరిగి కూర్చునేవాణ్ణి, మా అమ్మాయి నన్ను అనుకరించి చూపిస్తే నవ్వొచ్చేది, నవ్వితే మళ్లీ కాల్లోకి జివ్వున లాగేది. నడుంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను, మూడు వారాలు హాయి, నాలుగో వారం మొదటికొచ్చింది. అప్పటికీ ఆగేవాణ్ణేమో. ఒకరోజు పొద్దున వంటింట్లో పై అరలో కాఫీ పొడి డబ్బా అందుకోబోయాను. మునివేళ్ల మీద లేస్తే కుడి మడమ లేచింది, ఎడమది నేలకి అంటుకునే ఉంది. లేపమని నేను చెప్తున్నాను, అది వినడం లేదు. గట్టు పట్టుకొని ఒంటికాలి మీద ప్రయత్నించాను. కుడి కాలి మీద పదిసార్లు సులువుగా లేచాను. ఎడమ కాలి మీద ఒక్కసారీ లేవలేకపోయాను. నొప్పి అంటే నాకు తెలుసు, ఇది వేరే. పిక్కలో బలం పోయింది. సర్జన్ గారికి చూపిస్తే ఆయన చెప్పిన మాట గుర్తుండిపోయింది: "నొప్పి ఒక్కటే అయితే ఆగొచ్చండీ, బలం పోతే మాత్రం ఎక్కువ రోజులు ఆగకూడదు."

ఇంకొకటుంది, దాంట్లో పోలికలూ బేరాలూ లేవు. ఉచ్చ రాకపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారిపోవడం, రెండు కాళ్లలోనూ ఒకేసారి బలం పోవడం. ఇవి కనిపిస్తే ఏది మేలు అని వెతకొద్దు, తెల్లారేదాకా కూడా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఏ ఆపరేషన్?

నేను మొదట వెళ్లిన ఆసుపత్రిలో (పేరెందుకులెండి) పది నిమిషాల్లో తేల్చేశారు. నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, డిస్క్ మొత్తం తీసి మధ్యలో ఒక కేజ్ (ఆ ఖాళీలో పెట్టే చిన్న దిమ్మ). ఫ్యూజన్, అంటే రెండు వెన్నుపూసల్ని కదలకుండా ఒకటిగా అతికించేయడం. "ఒకేసారి పని అయిపోతుంది, మళ్లీ డిస్క్ జారడానికి అక్కడ డిస్కే ఉండదు" అన్నారు. వినడానికి తర్కం బాగానే ఉంది. ఎస్టిమేట్ కాగితం మాత్రం నాలుగు వరసలు చదివేసరికి చెమటలు పట్టించింది. నొప్పి కాల్లోనా నడుంలోనా అని అక్కడా ఎవరూ అడగలేదు. ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్తే, వెన్నుపూస జరగలేదు, మొదటిసారి జారిన డిస్క్, దీనికి స్క్రూలెందుకు అన్నారు.

ఫ్యూజన్ చెడ్డదని నేను అనను. వెన్నుపూస ముందుకి జరిగి కుదురు లేనప్పుడు, అదే డిస్క్ మళ్లీ మళ్లీ జారినప్పుడు దానికి పని ఉంది. కానీ ఒక కీలు బిగించేస్తే అది చేయాల్సిన వంగుడంతా పై కీలు మీద పడుతుంది. రకరకాల కారణాలతో ఫ్యూజన్ అయినవాళ్లని అమెరికాలో వెంబడించి చూసి, పదేళ్లలో 36 శాతం మందికి పక్క లెవెల్, అంటే దానికి ఆనుకున్న కీలు, అరిగి మళ్లీ ఆపరేషన్ అవసరం పడుతుందని 2004లో లెక్క కట్టారు. ఒక్క ముక్క తీస్తే తీరే నొప్పికి అంత పెద్ద అప్పు చేయడం ఎందుకు?

మైక్రోడిసెక్టమీ, ఎండోస్కోపీ మధ్య పోలిక దగ్గర మనవాళ్లు చాలా సమయం పాడుచేస్తారు. మైక్రోస్కోప్‌తో చేసే పద్ధతి 1977 నుంచి ఉంది, రెండు మూడు సెంటీమీటర్ల కోత. సన్న గొట్టంలోంచి కెమెరాతో చూస్తూ చేసే ఎండోస్కోపీకి సెంటీమీటరు కూడా అక్కర్లేదు, చాలాచోట్ల సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. 2022లో నెదర్లాండ్స్‌లోనే 613 మందితో పోల్చి చూస్తే ఏడాది చివర కాలి నొప్పి విషయంలో ఎండోస్కోపీ ఏమాత్రం తీసిపోలేదు. కాబట్టి మచ్చ ఎంత అన్నది వదిలేసి, మీ సర్జన్ చేయి దేంట్లో తిరిగిందో అడగండి. నాకు మైక్రో చేశారు, కోత మచ్చ ఇప్పుడు నాకే కనిపించదు, కనిపించే చోట లేదు కూడా.

దీనికన్నా వంద రెట్లు ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది, ఎవరూ అడగరు: ఎంత తీస్తారు? బయటపడ్డ ముక్క మాత్రమే తీసి వచ్చేయొచ్చు. లేదా చిరుగులోంచి లోపలికి వెళ్లి, మళ్లీ జారే అవకాశం లేకుండా మిగిలిన గుజ్జు కూడా గీకి తెచ్చేయొచ్చు. రెండో పద్ధతి వినగానే "శుభ్రంగా తీసేయండి డాక్టర్ గారూ" అనాలనిపిస్తుంది, నేనూ అదే అన్నాను. పరిశోధనలన్నీ కలిపి 2009లో చూసిన లెక్క వేరేలా ఉంది. కొంచెమే తీసినవాళ్లలో డిస్క్ మళ్లీ జారింది 7 శాతం మందికి, బాగా తీసినవాళ్లలో 3.5 శాతం మందికి. అంటే శుభ్రంగా తీస్తే ఆ ముప్పు సగం. కానీ రెండేళ్లు దాటాక నడుం నొప్పో కాలి నొప్పో మళ్లీ పట్టుకున్నది కొంచెం తీసినవాళ్లలో 11.6 శాతం, బాగా తీసినవాళ్లలో 27.8 శాతం. పూర్ణమంతా తోడేసిన బూరె చప్పబడిపోతుంది కదా. పైన వెన్నుపూస కిందికి దిగుతుంది, వెనక ఉండే చిన్న కీళ్ల మీద బరువు పడుతుంది, డిస్కుకి ఆనుకున్న ఎముక అంచులు వాస్తాయి. అరుగుదల అని రిపోర్టుల్లో రాసేది ఇదంతా. మళ్లీ జారితే అది కాలికి తెలుస్తుంది, ఎక్కువ తీస్తే రోజూ నడుంకి తెలుస్తుంది. నాకు తక్కువ తీయడమే నయమనిపించింది. చిరుగు మరీ పెద్దదిగా ఉన్నవాళ్లకి మళ్లీ జారే ముప్పు ఎక్కువ, వాళ్ల సర్జన్లు వేరేలా చెప్పొచ్చు, వినాలి.

ఆపరేషన్ అయ్యాక

కళ్లు తెరిచేసరికి కాలి నొప్పి లేదు. పదకొండు వారాల తర్వాత మొదటిసారి ఎడమ కాలు ఉందన్న సంగతే మర్చిపోయి పడుకున్నాను. కోత చోటు మండింది, అది లెక్కలోది కాదు. ఆ ఒక్క పూట కోసం మళ్లీ ఆపరేషన్ అన్నా ఒప్పుకునేవాణ్ణి, బావకి ఈ ఆనందం తెలియదు పాపం, తనకి నొప్పి ఉప్పు కరిగినట్టు కరిగింది గానీ ఇలా దీపం ఆర్పినట్టు ఆరిపోలేదు.

కానీ మిగతావన్నీ ఆ వేగంతో రాలేదు. ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, స్పర్శ అన్నిటికన్నా చివర వస్తుంది, ఒక్కోసారి పూర్తిగా రాదు. దెబ్బతిన్న నరం పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందంటారు, నడుం నుంచి చిటికెన వేలి దాకా దాదాపు మీటరు దూరం, మీరే గుణించుకోండి. నా చిటికెన వేలు తొమ్మిది నెలలు అట్టముక్కలా ఉంది. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు, రెండుసార్లు ఒంటి చెప్పుతో కూరగాయల బజారులో పది అడుగులు వేశాను.

ఏడాదికి నడుం రెండు వారాలు పట్టేసింది. డాక్టర్ని అడక్కుండా నేనే వెళ్లి ఎమ్మారై తీయించుకున్నాను, అది నేను చేసిన తెలివితక్కువ పని. రిపోర్టు నిండా డిస్క్ ఎండిపోయింది, ఎత్తు తగ్గింది, మోడిక్ మార్పులు, మచ్చ కణజాలం అని రాసుంది. నాకు చదివింది చదివినట్టు అర్థమైంది: ఆపరేషన్ ఫెయిల్. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. సర్జన్ గారు చూసి నరం దగ్గర ఏమీ లేదన్నారు. గుజ్జు పోయిన డిస్క్ ఎత్తు తగ్గక ఏమవుతుంది? ఎముక అంచుల్లో వచ్చే మార్పుల్ని మోడిక్ అంటారు, ఒక రకంలో అక్కడ వాపూ నీరూ ఉంటాయి, నొప్పితో ఎక్కువ ముడిపడేది అదే, ఇంకో రకంలో అక్కడ కొవ్వు చేరుతుంది, నాది రెండోది. ఆపరేషన్ చోట ఎంతో కొంత మచ్చ అందరికీ కడుతుంది, అది మచ్చా, మళ్లీ జారిన ముక్కా అని అనుమానం వస్తే రంగు మందు ఎక్కించి ఎమ్మారై తీస్తే మచ్చ వెలుగుతుంది, ముక్క వెలగదు.

అప్పుడే ఒక పని చేశాను. బావ మూడేళ్ల తర్వాత తీయించుకున్న ఎమ్మారై ఫిల్ము తెప్పించి, నాదీ తనదీ కిటికీ అద్దానికి పక్కపక్కన అంటించాను. ఆపరేషన్ అయిన డిస్క్ ఏదో, కానిది ఏదో మా ఆవిడ గుర్తుపట్టలేకపోయింది. రెండూ నల్లగా ఎండిన చింతతొక్కల్లా ఉన్నాయి. నాది కాస్త పలచన, అంతే. డిస్క్ ఒకసారి చిరిగాక అది ఎండటం ఎండుతూనే ఉంటుంది, కోసినా కోయకపోయినా. కోత దాన్ని కొంచెం తొందరపెట్టొచ్చు. ఇంకో లెక్క చెప్తాను, ఏ నొప్పీ లేని మామూలు మనుషులకి తీసిన స్కాన్లన్నీ 2015లో కలిపి చూస్తే ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. జుట్టు నెరిసిందని ఎవరూ ఆసుపత్రికి పరుగెత్తరు కదా, అరుగుదల అన్న మాట చదివి మాత్రం పరుగెత్తుతాం.

పడుకోవడమా, నడవడమా?

అమ్మ లెక్క ప్రకారం పచ్చి ఒళ్లు, మూడు నెలలు మంచం దిగకూడదు. ఫిజియో లెక్క ప్రకారం ఆ సాయంత్రమే నడవాలి. పెదనాన్న పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొస్తే సరిపోయేది కదా అన్నాడు, అది విరిగిన ఎముకలకి పెదనాన్నా, ఇది ఎముక కాదు అని నేను పడుకొనే వాదించాను.

దీంట్లో ఫిజియోదే గెలుపు, సందేహం లేదు. డిస్కుకి తిండి అందేది ఊరి వచ్చే నీటితోనే కాబట్టి, స్పాంజిని నొక్కి వదిలినట్టు కదలిక ఉంటేనే ఆ రాకపోకలు బాగుంటాయి. (సిగరెట్టు ఆ కాస్త సరఫరానీ తగ్గిస్తుంది, బావ మానేశాడు, ఆ విషయంలో తనకి దండం పెట్టాలి.) పైగా వెన్నుని పట్టి ఉంచే లోపలి చిన్న కండరాలు నొప్పి వచ్చిన వైపు చిక్కిపోతాయి, నొప్పి తగ్గినా వాటంతట అవి తిరిగి రావని ఆస్ట్రేలియా వాళ్లు 1990ల్లోనే చూపించారు. వాటిని పనిగట్టుకొని లేపాలి. నేను మొదటి నెల నడక తప్ప ఏమీ చేయలేదు, రోజుకి అయిదారు సార్లు, పది నిమిషాల చొప్పున. ఆరో వారం నుంచి పొట్ట బిగించడం, వెల్లకిలా పడుకొని నడుం లేపడం, నాలుగు కాళ్ల మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాపడం. విసుగు పుట్టే వ్యాయామాలు, కానీ పనిచేసేవి ఇవే.

వంగకూడదు, ఎత్తకూడదు, కూర్చోకూడదు అన్న నిషేధాలు ఎన్నాళ్లు? రెండు వారాలు పాటించినవాళ్లనీ, ఆరు వారాలు పాటించినవాళ్లనీ పోలిస్తే తేడా రాలేదు. కాబట్టి మీ సర్జన్ రెండు వారాలంటే భయపడొద్దు, ఆరంటే వాదించొద్దు. బెల్టు నేను ప్రయాణాల్లో మాత్రం పెట్టుకున్నాను, రెండు వారాల తర్వాత అది బీరువా మీదికి ఎక్కింది.

కూర్చుంటే డిస్క్ మీద నిలబడ్డప్పటి కన్నా ఎక్కువ ఒత్తిడి అని అందరూ చెప్తారు. ఆ మాట 1960లు, 70ల్లో స్వీడన్ డాక్టరు నాకెమ్సన్ కొలతల నుంచి వచ్చింది. 1999లో జర్మనీలో ఒక మనిషి డిస్కులో సన్న గొట్టం లాంటి సెన్సర్ పెట్టి మళ్లీ కొలిస్తే నిలబడితే 0.5 మెగాపాస్కల్, కూర్చుంటే 0.46, దాదాపు సమానం. అసలు కొండెక్కింది ఎక్కడంటే ఇరవై కిలోలని నడుం గుండ్రంగా వంచి ఎత్తినప్పుడు, 2.3. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. యూరియా బస్తా 45 కిలోలు, బావ ఎలా ఎత్తేవాడో నేను చూశాను కాబట్టి ఇంకేమీ చెప్పను.

అదే కొలతల్లో ఇంకొకటి తేలింది. రాత్రి పడుకున్నాక డిస్క్ నీళ్లు పీల్చుకొని తెల్లారేసరికి లోపలి ఒత్తిడి రెట్టింపు దాటుతుంది. లేచీ లేవగానే నడుం బిర్రుగా ఉండేది అందుకే, ఆ గంటలో వంగితే డిస్క్ మీద ఎక్కువ భారం. మన ఇళ్లలో ఆడవాళ్లు ఏం చేస్తారు? లేవగానే వంగి ఊడవడం, కళ్లాపి చల్లడం, వంగే ముగ్గు వేయడం. నడుం ఆపరేషన్ అయిన మా వదిన ఒకామెకి నేను చెప్పింది ఇదొక్కటే, ముగ్గు మానొద్దు, గంట ఆలస్యంగా వేయి, లేదా పీట వేసుకొని కూర్చొని వేయి అని. ఆమె కోడలికి అప్పజెప్పింది, అది ఇంకా మంచి ఉపాయం. బాత్రూమ్ విషయంలో మొదటి ఆరు వారాలు కమోడే మేలు. బండి మీద స్పీడ్ బ్రేకర్లు మాత్రం నాకు నాలుగు నెలల దాకా కాల్లో కరెంటు కొట్టాయి, మా వీధిలో వంద గజాలకి మూడున్నాయి.

మొన్న సంక్రాంతికి బావా నేనూ మళ్లీ కూర్చున్నాం. ఈసారి వాదన తక్కువ, పరీక్ష ఎక్కువ. గోడ మీద చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమలు లేపడం, పిల్లలు పక్కన నిలబడి లెక్కపెట్టారు. బావ రెండు కాళ్లూ ఇరవై అయిదు దాటాయి. నా కుడి కాలూ దాటింది. ఎడమది పదిహేను దగ్గర వణకడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర ఆగింది. ఆ వంటింటి పొద్దున అది సున్నా. బావ నా పిక్క పట్టుకొని చూసి "ఇంకాస్త ముందే చేయించుకోవాల్సింది రా" అన్నాడు.